కొత్త కారు ఆన్‌రోడ్ 12 లక్షలు దాటింది, ఇంకెంత తగ్గించమని అడగొచ్చు?

కొత్త_స్టీరింగు (హైదరాబాద్)
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మా ఇంట్లో ఇదే మొదటి కారు. నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ ఎస్‌యూవీ, 1197 సీసీ, మాన్యువల్. మోడల్ ఖాయమైపోయింది, కాబట్టి దయచేసి "అది వద్దు, ఇది తీసుకో" అనకండి. ఎల్బీ నగర్ వైపు ఒక షోరూమ్‌లో ఇచ్చిన లెక్క ఇది:

ఎక్స్‌షోరూమ్ (జీఎస్టీతో కారు ధర) 9,64,000
లైఫ్ టాక్స్ (రాష్ట్ర రోడ్డు పన్ను) 1,34,960
ఇన్సూరెన్స్ 52,400
యాక్సెసరీస్ కిట్ 24,900
ఎక్స్‌టెండెడ్ వారంటీ 18,500
టెఫ్లాన్, అండర్‌బాడీ కోటింగ్ 14,500
హ్యాండ్లింగ్ చార్జీలు 12,000
రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వగైరా 3,500
మొత్తం 12,24,760
డిస్కౌంట్ 20,000
కట్టాల్సింది (ఆన్‌రోడ్) 12,04,760

సేల్స్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడుతున్నాడు గానీ, "ఇంతకంటే ఒక్క రూపాయి తగ్గదు సార్, ఈ ఆఫర్ కూడా ఆదివారం వరకే" అంటున్నాడు. మా మామయ్యేమో 50 వేలు తగ్గించమని భీష్మించుకుని కూర్చోవాలి, లేదంటే లేచి వచ్చేయాలి అంటున్నారు. నాకు బేరమాడటం అస్సలు రాదు. ఎంత అడగొచ్చు? ఎలా అడగాలి?

పాలమూరు_బాటసారి (మహబూబ్‌నగర్)
ఆదివారం వరకే అన్నాడా? అయితే సోమవారం పొద్దున టిఫిన్ టైముకి మళ్ళీ ఫోన్ వస్తది చూడు బ్రో. "మీ కోసం మేనేజర్‌తో మాట్లాడి ఆఫర్ పొడిగించాను సార్" అంటాడు. నువ్వేం తొందరపడకు. అదే కంపెనీకి సిటీలో ఇంకో ఓనర్ నడిపే షోరూమ్ ఉంటుంది, కూకట్‌పల్లి సైడో, మియాపూర్ సైడో. అక్కడ కూడా కొటేషన్ తీసుకో. బ్రాంచి వేరైతే చాలదు, ఓనర్ వేరే ఉండాలి. ఒకే ఓనర్‌కి నాలుగు బ్రాంచిలు ఉంటే, నీ ఫోన్ నంబర్ కొట్టగానే వాళ్ళ సిస్టంలో నీ జాతకం మొత్తం కనబడుతుంది. అన్ని చోట్లా అదే రేటు చెప్తారు.

బెజవాడ_బండి (విజయవాడ)
నేను ఒక కార్ల షోరూమ్‌లో సేల్స్‌లో చాలా ఏళ్ళు పనిచేసి బయటికొచ్చాను. అటువైపు నుంచి ఎలా కనబడుతుందో చెప్తాను.

మీ మామయ్యగారు 50 వేలు అనడంలో తప్పేం లేదు. కానీ దేంట్లో 50 వేలు? అది తేల్చకుండా అడిగితే సేల్స్‌మన్ పని సులువైపోతుంది. ఒక చోట 10 వేలు తగ్గించి, ఇంకో చోట 15 వేలు కలిపి, "మీకోసం చేశాను సార్" అని షేక్‌హ్యాండ్ ఇస్తాడు.

మన దగ్గర ఎక్స్‌షోరూమ్ మీద డీలర్ మార్జిన్ మామూలుగా 3 నుంచి 5 శాతం. మీ 9.64 లక్షల్లో 18 శాతం జీఎస్టీ తీసేస్తే కారు విలువ సుమారు 8.17 లక్షలు. దాని మీద 5 శాతం వేసుకున్నా 41 వేలకి మించదు. అందులోంచే షోరూమ్ అద్దె, జీతాలు, యార్డులో నిలబడిన బండ్ల మీద బ్యాంకుకి కట్టే వడ్డీ. కాబట్టి "ఎక్స్‌షోరూమ్‌లో 50 వేలు" అంటే మేనేజర్ నవ్వి ఊరుకుంటాడు. కంపెనీయే స్కీమ్ ఇచ్చినప్పుడు సంగతి వేరు. ఆ డబ్బు కంపెనీ నుంచే వస్తుంది, డీలర్ చేతి మీదుగా మీకు చేరాలి. మొత్తం చేరుతుందా అన్నదే ప్రశ్న. ఈ నెల ఆ మోడల్‌కి కన్స్యూమర్ ఆఫర్ ఎంత, కార్పొరేట్ (కంపెనీల ఉద్యోగులకి ఇచ్చేది) ఎంత, ఎక్స్చేంజ్ (పాత బండి ఇస్తే వచ్చేది) ఎంత అని విడివిడిగా అడగండి. "అన్నీ కలిపి 20 వేలు" అనే జవాబుకి ఒప్పుకోకండి.

ఇక డీలర్ నిజంగా సంపాదించుకునేది ఎక్స్‌షోరూమ్ కింద ఉన్న లైన్లలో. ఇన్సూరెన్స్ మీద కమిషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు నుంచి వచ్చే పేఅవుట్, యాక్సెసరీస్, కోటింగ్, వారంటీ. సేల్స్ అబ్బాయికి కూడా కారు అమ్మినందుకు వచ్చే ఇన్సెంటివ్ కంటే అవన్నీ అంటగట్టినందుకు వచ్చేది బాగుంటుంది. మీరు బేరమాడాల్సింది అక్కడ.

హ్యాండ్లింగ్ చార్జీలు 12 వేలు మొత్తం కొట్టేయించండి. బండి ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కి చేరే ఖర్చు ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఉంటుంది. ఇలా వసూలు చేయకూడదని రవాణా శాఖ వాళ్ళు చాలాసార్లు హెచ్చరించారు కూడా. "ఇది దేనికో రాసి, స్టాంపు వేసి రసీదు ఇవ్వండి" అనండి. గొడవపడక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

కోటింగ్ అక్కర్లేదు. ఇప్పుడు వచ్చే బండ్లకి అడుగున తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే చేసి పంపిస్తారు. సముద్రం పక్కన ఉండేవాళ్ళు కావాలనుకుంటే ఆలోచించుకోవచ్చు, ఎల్బీ నగర్‌లో దేనికండీ?

యాక్సెసరీస్ కిట్ అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీట్ కవర్లు, స్టీరింగ్ కవరు, బాడీ కవరు, పెర్ఫ్యూమ్ సీసా ఇలా అన్నీ కట్టగట్టి ఇస్తారు. విడి ధరల పట్టీ అడిగి మీకు కావాల్సినవి టిక్ పెట్టుకోండి.

కొత్త_స్టీరింగు
చాలా థాంక్స్ అన్నా, కళ్ళు తెరుచుకున్నాయి. ఇందాకే ఫోన్ చేసి ఇన్సూరెన్స్ బయట చేయించుకుంటానన్నాను. "అలాగైతే 20 వేల డిస్కౌంట్ వర్తించదు సార్" అన్నాడు. ఇది నిజమేనా, ఉత్త బెదిరింపా?

లెక్కల_మాస్టారు (రాజమండ్రి)
నాయనా, రెండూను. డీలర్ దగ్గరే పాలసీ కొనమని బలవంతపెట్టకూడదు. డీలర్ల ద్వారా బీమా అమ్మడం మీద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో పెట్టిన నిబంధనలు ఉన్నాయి. ఏ కంపెనీ పాలసీ తీసుకోవాలో కొనేవాడి ఇష్టం. అయితే డీలర్ తన జేబులోంచి ఇచ్చే డిస్కౌంటుకి ఏ షరతు పెట్టుకుంటాడో ఆపేవాడు లేడు. కంపెనీ ఇచ్చే ఆఫర్‌ని మాత్రం ఇన్సూరెన్స్‌కి ముడిపెట్టడం సబబు కాదు. అందుకే పైన బెజవాడ ఆయన చెప్పినట్టు 20 వేలల్లో కంపెనీ వాటా ఎంత, డీలర్ వాటా ఎంత అని విడదీయించాలి.

ఇప్పుడు 52,400 సంగతి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాలి. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి ఆ మూడేళ్ళ ప్రీమియం 10,640. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 12,555. ఇది ప్రభుత్వం ఖాయం చేసిన రేటు, ఏ కంపెనీలో చేయించినా ఇంతే, ఇందులో బేరం లేదు. అంటే మిగతా దాదాపు 40 వేలు మొదటి ఏడాది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి బీమా), దానికి తోడు జీరో డిప్, ఇంజన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్వాయిస్ లాంటి యాడాన్‌ల (అదనపు కవర్ల) కిందివి. సందు అంతా అక్కడే.

ఆన్‌లైన్‌లో అవే యాడాన్‌లు, అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ) పెట్టి ఒక కొటేషన్ తీయి. "అదే ఐడీవీ" అన్న మాట మర్చిపోకు. కొత్త కారుకి ఐడీవీ ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం ఉండాలి, నీకు 9,15,800. కొందరు ఐడీవీ ఎనిమిది లక్షలకి దించేసి ప్రీమియం తగ్గిందంటారు. తగ్గింది ప్రీమియం కాదు, రేపు బండి పోతే నీకొచ్చే డబ్బు. ఇంకొకటి, ఓనర్ కమ్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా వేరే పాలసీలో ఇప్పటికే ఉంటే ఇందులో మళ్ళీ కట్టక్కర్లేదు. ఆ సంగతి రాసిస్తే చాలు.

వైజాగ్_కెరటం (విశాఖపట్నం)
మాస్టారు చెప్పిన లెక్క కరెక్టే. కానీ బయట చేయించేముందు ఒక్క విషయం చూసుకోండి. ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి మీరు సర్వీసుకి వెళ్ళే వర్క్‌షాప్‌తో క్యాష్‌లెస్ ఉందో లేదో. లేకపోతే బంపర్ పగిలిన ప్రతిసారీ ముందు మీ జేబులోంచి పెట్టి, తరువాత క్లెయిమ్ కోసం తిరగాలి. నేనైతే ఆన్‌లైన్ కొటేషన్ చూపించి డీలర్ చేతే తగ్గించుకున్నాను. రెండు మూడు వేలు ఎక్కువైనా ఫర్వాలేదనుకున్నా. కమిషన్ పూర్తిగా పోగొట్టుకోవడం కంటే కొంత వదులుకోవడమే వాళ్ళకీ మేలు, ఒప్పుకుంటారు.

పాత కారు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. క్లెయిమ్ చేయకుండా ఏళ్ళు గడిస్తే వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మేసి, బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. ఎక్స్చేంజ్‌లో బండి ఇచ్చినప్పుడు షోరూమ్ వాళ్ళు ఈ ముక్క ఎత్తరు.

డాలస్_దొర (టెక్సాస్)
మా దగ్గర ఇంత గొడవ ఉండదు. నాలుగైదు డీలర్లకి ఒకే ఈమెయిల్ పెడతాం. ఫలానా మోడల్, ఫలానా రంగు, ఔట్ ది డోర్ ప్రైస్ చెప్పండి అని. అంటే టాక్స్, ఫీజులు అన్నీ కలిపి బండి బయటికొచ్చే ధర. తక్కువ చెప్పిన వాడి ఈమెయిల్ మిగతావాళ్ళకి పంపిస్తాం. షోరూమ్‌కి వెళ్ళేది సంతకం పెట్టడానికే. పాత బండి ఎక్స్చేంజ్ ఇస్తే ఆ విలువ తీసేసి మిగతా దాని మీదే 6.25 శాతం సేల్స్ టాక్స్. మీరు కూడా అలా చేయొచ్చు కదా, అంత ఎండలో తిరగడం ఎందుకు?

పాలమూరు_బాటసారి
దొరా, ఇక్కడ ఈమెయిల్ పెడితే జవాబు రాదు, ఫోన్ వస్తుంది. "ఒకసారి షోరూమ్‌కి రండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం." ఫైనల్ రేటు కాగితం మీద ఇవ్వమంటే విజిటింగ్ కార్డు వెనకాల పెన్సిల్‌తో రాస్తారు. అది పక్క షోరూమ్‌లో చూపిస్తే వాడు నమ్మడు. పాత బండి ఇచ్చినా లైఫ్ టాక్స్ కొత్త బండి మొత్తం ధర మీదే.

బెజవాడ_బండి
ఆ పెన్సిల్ రాత వెనక కారణం ఉంది. సిస్టంలోంచి ప్రింట్ ఇస్తే మీరు అవతలి డీలర్‌కి చూపిస్తారు, వాడు ఇంకో రెండు వేలు తగ్గిస్తాడు, ఇతనికి బండి పోతుంది. అయినా అడగొచ్చు. "ఈ రేటుకి ఇస్తే ఇప్పుడే బుక్ చేస్తాను, ప్రింట్ తీయండి" అంటే ఇస్తారు. తిరగడానికి వచ్చిన కస్టమర్‌కీ, కొనడానికి వచ్చిన కస్టమర్‌కీ చెప్పే రేటు ఒకటి కాదు. టీమ్ లీడర్‌కి ఒక పరిమితి దాకా తగ్గించే అధికారం ఉంటుంది, సేల్స్ మేనేజర్‌కి ఇంకాస్త, ఆపైన జనరల్ మేనేజర్. "మేనేజర్‌ని అడిగొస్తా" అని లోపలికెళ్ళి టీ తాగొచ్చేవాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ బుకింగ్ డబ్బు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నవాళ్ళ ఫైలు మాత్రం నిజంగానే పైకి వెళ్తుంది.

కొత్త_స్టీరింగు
ఇంకో సందేహం. పై వేరియంట్ ఎక్స్‌షోరూమ్ 10,12,000. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ వస్తాయి. "48 వేలే కదా తేడా, ఈఎంఐలో వెయ్యి రూపాయలు" అంటున్నాడు. మా ఆవిడ కూడా మొగ్గుతోంది.

లెక్కల_మాస్టారు
ఆగు నాయనా, ఆగు! 10 లక్షల గీత దాటుతున్నావు. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల లోపు కారుకి లైఫ్ టాక్స్ 14 శాతం. 10 దాటి 20 లోపయితే 18 శాతం. పెరిగిన 48 వేల మీద కాదు, మొత్తం ధర మీద. 10,12,000 మీద 18 శాతం అంటే 1,82,160. ఇప్పుడు నువ్వు కట్టేది 1,34,960. టాక్స్‌లోనే 47,200 తేడా. అంటే సన్‌రూఫ్ ధర 48 వేలు కాదు, 95,200. ఆపైన 10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ (నీ ఆదాయపు పన్ను కింద డీలర్ ముందే తీసుకునేది) వసూలు చేస్తారు, 10,120. అది నీ పాన్ మీద కనబడుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. పోయే డబ్బు కాదు గానీ ముందు కట్టాలి.

అమ్మాయికి ఈ లెక్క చూపించు. అప్పుడు కూడా సన్‌రూఫే కావాలంటే నేనేమీ అనను.

ఇంకో సంగతి, నీకు కాదు, చదివేవాళ్ళకి. తెలంగాణలో ఒకే పేరు మీద రెండో కారు రిజిస్టర్ చేయిస్తే 2 శాతం అదనం. ఇంట్లో ఇద్దరూ సంపాదిస్తున్నప్పుడు రెండో బండి ఇంకొకరి పేరున పెట్టుకోవడం మంచిది.

చార్జింగ్_చంద్రం (కరీంనగర్)
టాక్స్ అంత నొప్పిగా ఉంటే ఎలక్ట్రిక్ చూడొచ్చు కదా? తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకి లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. జీఎస్టీ కూడా 5 శాతమే.

కొత్త_స్టీరింగు
అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ పాయింట్‌కి అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోవడం లేదన్నా. అది ఇంకో పెద్ద కథ.

ఓరుగల్లు_వనిత (హన్మకొండ)
కారు కొన్నది నేను, జీతం నాది, లోన్ నా పేరు మీద. సేల్స్‌మన్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా మా తమ్ముడి మొహం చూసి మాట్లాడాడు. మైలేజీ గురించి నేను అడిగితే జవాబు వాడికి చెప్పాడు. వాడికి డ్రైవింగే రాదు! రెండోసారి వాణ్ణి తీసుకెళ్ళలేదు. ఒక నోట్‌బుక్‌లో లైన్లు రాసుకుని వెళ్ళి, ఒక్కొక్కటి చదివి "ఇది ఉంచండి, ఇది తీసేయండి" అన్నాను. నాకు బేరమాడటం రాదు అనుకునేవాళ్ళకి ఇదే చెప్తాను. గట్టిగా మాట్లాడక్కర్లేదు, తగ్గించమని బతిమాలక్కర్లేదు. కాగితం చూసి చదివితే చాలు. వాళ్ళకి కోపం కూడా రాదు.

లోన్ దగ్గర జాగ్రత్త. "మా దగ్గర వడ్డీ 5.5 శాతమే మేడమ్" అన్నాడు ఫైనాన్స్ అతను. ఫ్లాట్ రేటా, రెడ్యూసింగా అని అడిగితే నీళ్ళు నమిలాడు. మాస్టారూ, ఆ లెక్క మీరే చెప్తే బాగుంటుంది.

లెక్కల_మాస్టారు
చెప్తానమ్మా. 8 లక్షలు ఐదేళ్ళకి 5.5 శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి 44 వేల వడ్డీ, ఐదేళ్ళకి 2,20,000. మొత్తం 10,20,000ని 60 నెలలకి పంచితే ఈఎంఐ 17,000. అదే 8 లక్షలు బ్యాంకులో 9 శాతం రెడ్యూసింగ్‌కి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 16,607. వినడానికి 5.5 చిన్నది, కట్టడానికి 9 చిన్నది. ఆ 5.5 ఫ్లాట్ అసలు రూపం రెడ్యూసింగ్‌లో 10 శాతం. ఎందుకంటే ఫ్లాట్‌లో నువ్వు తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కడుతూనే ఉంటావు.

రెడ్యూసింగ్‌లో కూడా అర శాతం చిన్న విషయం కాదు. అదే అప్పుకి 9 బదులు 9.5 అయితే నెలకి 195 పెరుగుతుంది, ఐదేళ్ళలో 11,700. నీ జీతం పడే బ్యాంకులో ముందే శాంక్షన్ లెటర్ తీసుకుని షోరూమ్‌కి వెళ్ళు. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే వేసే చార్జీ కూడా రాయించుకో.

అనంత_ఎండ (అనంతపురం)
ఇవన్నీ డిమాండ్ లేని బండ్లకి చెల్లుతాయి. నేను బుక్ చేసిన మోడల్‌కి నెలల తరబడి వెయిటింగ్. డిస్కౌంట్ అడిగితే "బుకింగ్ క్యాన్సిల్ చేసుకోండి, వెనకాల చాలామంది ఉన్నారు" అన్నారు. యాక్సెసరీస్ కొంటేనే డెలివరీ ముందుకి జరుపుతామని ఇంకో మెలిక. అలాంటప్పుడు ఏం చేస్తారు? పైగా మరీ పిండితే రేపు సర్వీసులో చూపిస్తారు.

బెజవాడ_బండి
వెయిటింగ్ ఉన్న బండికి క్యాష్ డిస్కౌంట్ ఆశించకండి, అది నిజమే. కానీ హ్యాండ్లింగ్ చార్జీ, కోటింగ్, ఇన్సూరెన్స్ బేరం వెయిటింగ్ బండికీ వర్తిస్తాయి. అవి బండి డిమాండ్‌తో సంబంధం లేని లైన్లు. సర్వీసులో పగ తీర్చుకుంటారన్నది అపోహ. వర్క్‌షాప్ వాళ్ళకి మీరు ఎంతకి కొన్నారో తెలియదు, పట్టదు. పైగా డెలివరీ తరువాత కంపెనీ నుంచి మీకు ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. పదికి పది రాకపోతే ఆ సేల్స్ అబ్బాయికీ, షోరూమ్‌కీ ఇబ్బంది. డెలివరీ రోజు పువ్వుల బొకే ఇచ్చి "పది చెప్పండి సార్" అని బతిమాలేది అందుకే.

ఎప్పుడు కొనాలన్నది కూడా ముఖ్యం. దసరా, ధన్‌తేరస్, ఉగాదికి జనం తామే వస్తారు, కదిలే మోడల్‌కి డీలర్ తగ్గించాల్సిన పని లేదు. ఆషాఢం, శూన్యమాసం వస్తే మన రెండు రాష్ట్రాల్లో షోరూములు ఖాళీ. టార్గెట్ మాత్రం కంపెనీ తగ్గించదు, దానికి ఆషాఢం తెలియదు. పట్టింపు లేనివాళ్ళకి అదే అదును. పట్టింపు ఉన్నవాళ్ళు ఆషాఢంలో బేరం కుదుర్చుకుని బిల్లు వేయించి, శ్రావణంలో మంచి రోజు చూసి ఇంటికి తెచ్చుకుంటారు, అలా చాలామందికి చేశాం. ఇక నెలాఖరు, అందులోనూ మార్చి, డిసెంబర్.

డిసెంబర్ బండి చవగ్గా వస్తుంది గానీ తయారీ సంవత్సరం పాతదవుతుంది. జనవరి ఒకటో తారీఖుకే కాగితం మీద ఏడాది వయసు వచ్చేస్తుంది. ఏడెనిమిదేళ్ళు వాడేవాళ్ళకి ఫర్వాలేదు, మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళు మాత్రం వచ్చిన డిస్కౌంట్ రీసేల్‌లో వదులుకోవాలి. యార్డులో రెండు మూడు నెలలు దాటిన బండి ఏదైనా ఉందా అని అడగండి. దాని మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ రంగు, ఆ వేరియంట్ మీకు ఓకే అయితే అందరికంటే మంచి రేటు మీకే.

మోడరేటర్
పైన రెండు పోస్టుల్లో షోరూమ్ పేరు, సేల్స్ ఉద్యోగి ఫోన్ నంబర్ ఉంటే తీసేశాను. ధరలు, అనుభవాలు రాయండి. మనుషుల వివరాలు వద్దు.

కొత్త_స్టీరింగు
అప్‌డేట్. మియాపూర్ వైపు వేరే ఓనర్ షోరూమ్‌లో కొటేషన్ తీసుకుని, అది పట్టుకుని మళ్ళీ ఎల్బీ నగర్ వెళ్ళాను, ఇంటికి దగ్గర కదా అని. మామయ్యని తీసుకెళ్ళలేదు. ఓరుగల్లు మేడమ్ చెప్పినట్టు కాగితం చూసి ఒక్కో లైన్ చదివాను.

హ్యాండ్లింగ్‌కి రసీదు అడగ్గానే "అది తీసేద్దాం సార్" అన్నాడు, నేనింకా వాక్యం పూర్తి చేయలేదు. కోటింగ్ వద్దన్నాను, తీసేశారు. యాక్సెసరీస్ విడి ధరల పట్టీ ఇవ్వడానికి కాస్త నసిగాడు గానీ ఇచ్చాడు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీట్ కవర్లు, డోర్ వైజర్లు కలిపి 11,200. ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లో అదే ఐడీవీ, అవే యాడాన్‌లకి 36,800 వచ్చింది. అది చూపిస్తే మేనేజర్ వచ్చి 39,500కి దిగాడు. క్యాష్‌లెస్ గోల ఎందుకని ఒప్పేసుకున్నాను. వారంటీ ఉంచుకున్నాను. డిస్కౌంట్ విడదీయమంటే నా కంపెనీ ఐడీ కార్డు అడిగారు, కార్పొరేట్ కింద ఇంకో 10 వేలు ఉందట! ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు కదా సార్".

ఇప్పుడు ఆన్‌రోడ్ 11,41,660. సన్‌రూఫ్ లేదు. లెక్క చూశాక మా ఆవిడే వద్దంది.

లెక్కల_మాస్టారు
శభాష్. మొత్తం తగ్గింది 63,100. అందులో డిస్కౌంట్ అన్న పేరుతో పెరిగింది 10,000 మాత్రమే. ఇన్సూరెన్స్‌లో 12,900, యాక్సెసరీస్‌లో 13,700, కోటింగ్ 14,500, హ్యాండ్లింగ్ 12,000. అంటే 53,100 కింది లైన్లలోంచి వచ్చింది. మీ మామయ్యగారు అడగమన్న 50 వేలూ వచ్చాయి, ఎక్స్‌షోరూమ్ మాత్రం రూపాయి కదలలేదు.

పాలమూరు_బాటసారి
బ్రో, పార్టీ ఎప్పుడు? అసలు బుకింగ్ డబ్బు కట్టినవా, లేదా?

కొత్త_స్టీరింగు
ఇంకా లేదు. 11 వేలు అడిగారు. తన నంబర్‌కే ఫోన్‌పే చేయమన్నాడు, వెంటనే రసీదు పంపిస్తానన్నాడు.

బెజవాడ_బండి
వద్దు! సేల్స్‌మన్ సొంత నంబర్‌కి ఒక్క రూపాయి కూడా పంపకండి. అతను మంచివాడే కావచ్చు, రేపు ఉద్యోగం మానేస్తే ఎవరిని అడుగుతారు? షోరూమ్ బ్యాంకు ఖాతాకి గానీ, వాళ్ళ క్యాష్ కౌంటర్‌లో గానీ కట్టి, డీలర్ పేరున్న రసీదు తీసుకోండి. దాని మీద వేరియంట్, రంగు, కుదిరిన ఆన్‌రోడ్ ధర, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాయించండి. రీఫండ్ నాన్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బుక్ చేశాక, పూర్తి డబ్బు కట్టకముందే బండిని యార్డులో పగటి వెలుతురులో చూడాలి. ఇన్వాయిస్, ఇన్సూరెన్స్ వేసేశాక ఆ ఛాసిస్ నంబర్ మీ పేరుకి అతుక్కుపోతుంది, తరువాత గీత కనబడినా మార్చరు. ఛాసిస్ నంబర్ రాసుకుని తయారీ నెల అడగండి. ఓడోమీటర్ చూడండి. నాలుగు టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. స్పేర్ టైరు కూడా తీసి చూడండి, దాన్ని ఎవరూ చూడరు. అన్ని అద్దాల మీదా ముద్రలు ఒకేలా ఉన్నాయో లేదో గమనించండి. ఒక్కటి వేరుగా ఉంటే ఎందుకు మార్చారో అడగాలి. బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందేమో చూడండి. "పాలిష్ చేశాక బాగుంటుంది సార్" అంటే పాలిష్‌కి ముందే చూపించమనండి.

కొత్త_స్టీరింగు
సరే అన్నా. రేపు కౌంటర్‌లోనే కడతాను. యార్డు హయత్‌నగర్ దాటాక ఎక్కడో ఉందట, "అక్కడికి కస్టమర్లని రానివ్వం సార్" అంటున్నాడు.

బెజవాడ_బండి
అలాగైతే బండినే షోరూమ్‌కి తెప్పించమనండి. బిల్లు వేయకముందు.